ఆపుకున్న ఏళ్లు

నేను కండక్టరుగా చేరిన రెండో రోజు, డిపో విశ్రాంతి గదిలో ఒక పెద్దక్క నా చేతిలోని నీళ్ల సీసా తీసుకుని, సగం నీళ్లు కిటికీలోంచి పారబోసి మళ్లీ నాకిచ్చింది. అప్పటికే ఆమెది పదేళ్ల సర్వీసు. ఆడ కండక్టర్లం అప్పట్లో మా డిపోలో నలుగురమే.

"డ్యూటీ ఎక్కేముందు నీళ్లు తాగమాకమ్మాయ్. మరీ గొంతెండితే ఒక గుక్క పోసుకో. ఎండితే ఏం కాదు. నిండితేనే మనకి కష్టం" అంది.

ఆమె చెడ్డ బుద్ధితో చెప్పలేదు. మా రూటు అలాంటిది. పొద్దున ఐదున్నరకి మాచర్లలో ఎక్కితే గురజాల మీదుగా లోపలి ఊళ్లన్నీ తిరిగి చివరి ఊరు చేరేసరికి రెండున్నర గంటలు పడుతుంది. అక్కడ పావుగంట ఆగి మళ్లీ వెనక్కి. మాచర్లలో టీ తాగేంత సేపు ఆగి, మళ్లీ అదే దారి. డ్యూటీ దిగేసరికి సాయంత్రం నాలుగు దాటేది.

చివరి ఊళ్లో బస్సు ఆగేది మంచినీళ్ల ట్యాంకు పక్కన. ఒక పక్క ఇళ్లు, రెండో పక్క మిరప చేలు. బస్సు ఆగగానే డ్రైవరన్న దిగి బస్సు వెనక్కి పోయి అర నిమిషంలో తిరిగొచ్చేవాడు. నేను మెట్టు మీద కూర్చుని కాగితాలు రాసుకునేదాన్ని. ఆయన వెళ్లి వచ్చిన చోటికి నేను పోలేను. చేలోకి పోదామంటే కాయ కోసే కూలీలు వరసగా ఉంటారు. కాయ అయిపోయాక చేను కొట్టేస్తే చాటే ఉండదు.

గురజాల బస్టాండులో మరుగుదొడ్డి ఉంది. కానీ మా బస్సు అక్కడ ఆగేది రెండు మూడు నిమిషాలే. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొస్తారు. మెడలో సంచితో, చేతిలో టికెట్ మిషనుతో ఆ జనాన్ని చీల్చుకుని ఆ మూలకి పోయి రావాలి. చేరిన కొత్తలో ఒకసారి పోయాను. తిరిగొచ్చేసరికి ఒక పెద్దాయన కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏందమ్మా, ఇంటికాడే పోసుకుని రాలేవా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ తర్వాత పదిహేడేళ్లు నేను ఆ మూలకి పోలేదు.

ఒళ్లు అన్నిటికీ అలవాటు పడుతుంది. పొద్దున నాలుగున్నరకి ఇంట్లో పోయి వస్తే సాయంత్రం ఇంటికి చేరాకే. మొదటి ఏడాది పొత్తికడుపు రాయిలా అయ్యేది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా పళ్లు బిగబట్టి కడ్డీ పట్టుకునేదాన్ని. రెండో ఏడాదికి ఆ బరువు తెలియడం మానేసింది. పెద్దక్క చెప్పింది నిజమే అనుకున్నాను. ఏం కాలేదు.

ఏం కాకపోవడమంటే ఇదీ: సాయంత్రం పోసేది డికాషన్ రంగులో ఉండేది. నెలకోసారి మంట పుట్టేది. మందుల షాపులో చెబితే ఐదు రోజులకి బిళ్లలు ఇచ్చేవాడు. మూడో రోజుకి మంట తగ్గితే మిగతావి డబ్బాలో పడేసేదాన్ని. దొడ్డికి కూడా అంతే. పొద్దున హడావుడిలో రాదు, వచ్చే వేళకి బస్సులో ఉంటాను, ఇంటికొచ్చాక రమ్మన్నా రాదు. మూడు రోజులకోసారి కన్నీళ్లు పెట్టుకుని లేచేదాన్ని. మొలలు మొదలయ్యాయి. కూర్చుంటే నొప్పి కాబట్టి బస్సులో సీటు ఉన్నా నిలబడేదాన్ని. "మా కండక్టరమ్మ ఒక్కపూట కూర్చోదయ్యా" అని పొగిడేవాళ్లు. నెలసరి రోజుల సంగతి రాయను. చదివే ఆడవాళ్లకి తెలుసు.

మా ఆయనకి ఇవేవీ చెప్పలేదు. ఆయన నాపరాళ్ల పాలిష్ యూనిట్లో మిషను మీద పనిచేస్తాడు. తెల్లటి దుమ్ముతో ఇంటికొచ్చి, స్నానం చేసి, దగ్గుకుంటూ పడుకుంటాడు. ఆయన దగ్గు నేను అడిగేదాన్ని కాదు, నా మంట ఆయన అడిగేవాడు కాదు. అలసిపోయిన ఇద్దరి మధ్య సంసారం అలాగే సాగుతుంది.

ఆ రోజు ఏప్రిల్ నెల. రెండో ట్రిప్పు. గురజాల ఇంకో పది నిమిషాలు ఉందనగా ఒకామెకి టికెట్ కొడుతున్నాను. కుడి నడుములో ఎవరో కత్తి దించి తిప్పినట్టయింది. మిషను చేతిలోంచి జారింది. కడ్డీ పట్టుకుందామనుకున్నాను గానీ అప్పటికే నేల మీద కూర్చుని ఉన్నాను. నొప్పి నడుములోంచి ముందుకి, కిందికి, తొడలోకి దిగింది. వాంతి వచ్చింది. పొట్టలో ఏమీ లేదు. పచ్చటి నీళ్లు.

ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒక ముసలమ్మ నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "నెలలు నిండినయ్యా తల్లీ?" అంది.

"నలభై దాటినయ్ అవ్వా నాకు" అన్నాను. ఆ నొప్పిలో కూడా సిగ్గేసింది.

డ్రైవరన్న బస్సు ఆపి వెనక్కొచ్చాడు. ఆయనా నేనూ ఆరేళ్లుగా ఒకే బస్సు మీద ఉన్నాం. నా ముఖం చూసి "అందరూ కూసోండి. నడిమధ్య యాడా ఆపను" అని చెప్పి తిన్నగా ఆసుపత్రి గేటు ముందు ఆపాడు. నన్ను దించి, జనంతో ఉన్న బస్సుని డిపోకి ఫోన్ చేసి అప్పగించే ఏర్పాటు చేసి, మళ్లీ లోపలికొచ్చి నా సంచీ మిషనూ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఇంజక్షన్ చేశాక నొప్పి తగ్గింది. అక్కడి డాక్టరు రాయి అయి ఉంటుందని, నరసరావుపేట పోయి స్కానింగ్ తీయించమని రాసిచ్చాడు.

నరసరావుపేటలో డాక్టరమ్మకి నా వయసే ఉంటుంది. స్కానింగ్ కాగితం చాలాసేపు చూసింది. మా ఆయన పక్కన నిలబడ్డాడు.

"రోజుకి ఎన్నిసార్లు పోతావమ్మా ఒంటికి?"

"రెండుసార్లు. పొద్దున ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి."

"నీళ్లు?"

"డ్యూటీలో ఉంటే ఒక గ్లాసు. అంతకన్నా తాగితే..." అని ఆగాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎన్నేళ్లుగా?"

"పదిహేడు."

మా ఆయన నా వైపు తిరిగి చూశాడు. పదిహేడేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి, ఆ లెక్క మొదటిసారి విన్నాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. ఒక కాగితం తిరగేసి, రెండు చిక్కుడు గింజల్లాంటి బొమ్మలు గీసి, వాటి నుంచి కిందికి రెండు గీతలు, చివర ఒక సంచి గీసింది. "కిడ్నీలు రాత్రీ పగలూ రక్తం వడకడుతూనే ఉంటాయి. నువ్వు పడుకున్నా, టికెట్లు కొట్టినా వాటికి సెలవు లేదు. ఒంట్లో పనికిరాని దాన్ని నీళ్లలో కలిపి కిందికి పంపడమే వాటి పని. నువ్వు నీళ్లే ఇవ్వకపోతే దేంట్లో కలుపుతాయి? ఉన్న కాసిని నీళ్లలోనే కలుపుతాయి. ఉప్పులు చిక్కబడి గట్టిపడతాయి. అదే రాయి."

కుడి పక్క గీత మీద ఒక చుక్క పెట్టింది. "ఇది చాలాకాలంగా ఇక్కడ అడ్డం పడి ఉంది. పైనుంచి వచ్చేది కిందికి దిగక, కిడ్నీ ఉబ్బి ఉబ్బి పల్చబడింది. ఇది ఇప్పుడు సగం పని కూడా చేయడం లేదు. నీకు ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదంటే, రెండోది దాని పని కూడా నెత్తిన వేసుకుంది."

"మరి సంచి నిండినట్టు కూడా నాకు తెలవట్లేదండీ ఈమధ్య" అన్నాను.

"నిండినప్పుడల్లా అది మెదడుకి కబురు పంపుతుంది. నువ్వు ఎన్నిసార్లు పంపినా పలకలేదు. సాగిపోయి, పంపడం తగ్గించేసింది. ఇకనుంచి కబురు కోసం చూడొద్దు. గడియారం చూసి పో. మూడు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా."

దొడ్డి సంగతి కూడా అడిగింది. పెద్దపేగు పని నీళ్లు పీల్చుకోవడమట. మనం ఆపిన కొద్దీ అది పీలుస్తూనే ఉంటుంది, లోపలున్నది పిడకలా ఎండుతుంది. నేను తల ఊపాను. నా ఒంట్లో ఒక్కటి కూడా నా మీద పగబట్టి చేసింది లేదు. వాటి పని అవి చేసుకుపోయాయి. వాటికి అడ్డం నిలబడింది నేనొక్కదాన్నే. అందుకని ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

ఆపరేషన్‌లో రాయి పగలగొట్టి తీశారు. లోపల ఒక సన్నటి గొట్టం పెట్టి నెల రోజులు ఉంచారు. ఆ గొట్టం ఉన్నన్నాళ్లూ పావుగంటకోసారి వచ్చినట్టే ఉండేది. లేచి పోతే నాలుగు చుక్కలు, వాటిలో ఎరుపు. ఇరుగుపొరుగు వాళ్లు చూడ్డానికొచ్చి అరటిదవ్వ రసం తాగమన్నారు, ఉలవచారు తాగమన్నారు. మా ఆయన పనికి పోయేముందు కాలవ గట్టు మీద తిరిగి కొండపిండాకు తెచ్చి పెట్టాడు.

"రాయి తీసేశారుగా. ఇంక ఇదెందుకు?" అన్నాను.

"మళ్లీ పుట్టకుండా" అన్నాడు. ఆకులో పుల్లలు ఏరుతూ, "ఏమే, నాకెందుకు చెప్పలా?" అన్నాడు.

"చెబితే ఏం జేసేవాడివి? బస్సెనకాల గది కట్టేవాడివా?"

ఆయన ఆకు కడగడానికి దొడ్లోకి పోయాడు. ఆకు గురించి డాక్టరమ్మని అడిగితే మందులు మాత్రం ఆపొద్దని, మంచినీళ్లే అసలు మందని చెప్పింది.

ఆ సెలవులో గొట్టం తీసేశాక ఒక పదిహేను రోజులు ఇంట్లో ఉన్నాను. దాహమైతే తాగడం, వస్తే లేచి పోవడం. నా మరుగుదొడ్డి నాకు పది అడుగుల దూరంలో ఉంది. అంత చిన్న సంగతికి నాకు ఏడుపొచ్చింది. పదిహేడేళ్లలో అంత సుఖం ఎరగను.

మళ్లీ డ్యూటీలో చేరాను. కూర్చునే పని ఏదైనా ఇమ్మని అడిగితే ఖాళీ లేదన్నారు. అబద్ధం కాదు, నిజంగానే లేదు. అదే బస్సు, అదే డ్రైవరన్న. ఈసారి నా దగ్గర రెండు పెద్ద సీసాల నీళ్లు. తాగడం ఎలాగో డాక్టరమ్మ చెప్పింది గానీ, తాగాక పోవడం ఎక్కడో చెప్పలేదు.

చివరి ఊళ్లో ట్యాంకుకి ఎదురుగా ఒక డాబా ఇల్లు ఉంది. ఇంటామెకి అరవై ఉంటాయి. అరుగు మీద కూర్చుని మిరపకాయ తొడిమలు తీస్తూ ఏళ్ల తరబడి మా బస్సుని చూస్తూనే ఉంది. రెండో రోజు ధైర్యం చేసి గేటు దగ్గర నిలబడ్డాను.

"పెద్దమ్మా, ఒక్కసారి బాత్రూంకి పోయి వస్తా. ఒంట్లో బాలేదు, ఆపరేషనైంది."

ఆమె పైనుంచి కిందికి చూసింది. "మీరేమట్లు?" అని కులం అడిగింది.

"చర్చికి పోతాం" అన్నాను.

తొడిమలు తీసే చేతులు ఆగలేదు. బస్సు ఇంజన్ ఆగిన నిశ్శబ్దంలో నాలుగు కాయలు తీసింది. తర్వాత, "ఎనక పక్క నించి రా. గాబులో నీళ్లు ముట్టుకోమాక. బోరు కాడ పట్టుకొచ్చుకో" అంది.

వెనక పక్క నుంచి పోయాను. బోరు దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకున్నాను. కోపం రాలేదని చెప్పలేను. ఆ కోపాన్ని కూడా ఆపుకునే ఓపిక లేక, దాన్ని అక్కడే వదిలేసి పని చూసుకుని వచ్చాను. అలా ఆరు నెలలు, రోజుకి రెండుసార్లు. పోనుపోను ఆమె మాట్లాడేది. "నీళ్లు బాగా తాగతన్నావా?" అని అడిగేది. ఒకసారి పండుమిరపకాయ పచ్చడి సీసాలో పెట్టి గేటు మీద ఉంచింది. డాక్టరమ్మ కారం తగ్గించమందని చెప్పకుండా తీసుకున్నాను. గాబు నీళ్లు మాత్రం ముట్టుకోమనలేదు.

జనవరిలో ఆమె కూతురు పురిటికి వచ్చింది. ఒక వారం తర్వాత గేటుకి తాళం ఉంది. ఇంటామె లోపలి నుంచే, "గుంట నిండిందమ్మాయ్. మాకే ఇబ్బందిగా ఉంది. ఏమనుకోమాక" అంది. గుంట నిండిందో, కూతురు వద్దందో నాకు తెలియదు. "ఏం లేదులే పెద్దమ్మా" అని వచ్చి బస్సెక్కాను. ఆ రోజు నీళ్లు తాగలేదు.

డ్రైవరన్న కనిపెట్టాడు. మర్నాడు గురజాల బస్టాండులో బస్సు ఆపి, ఇంజన్ కట్టేసి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"పో చెల్లెమ్మా. పది నిమిషాలు."

"టైమయిపోద్దన్నా. జనం ఊరుకోరు."

"నేనుంటా ఈడ. సంచి నా కాడ పెట్టి పో."

నేను దిగి ఆ మూలకి నడిచాను. వెనక గోల వినబడుతూనే ఉంది. "ఏంది, ఇంకా కదలదేంది?" "ఆమె యాడికి పోయింది?" మొదటి రోజు ఆయన టైరు చూస్తున్నట్టు నటించాడు. వారం గడిచాక నటించడం మానేశాడు. ఒకాయన మరీ గట్టిగా అరిస్తే, "మా కండక్టరు మనిషేనయ్యా. నువ్వు దిగి పోయిరావా? ఆమె కూడా పోయొచ్చుద్ది" అన్నాడు. బస్సులో కొందరు నవ్వారు. ఆ నవ్వు నా చెవిన పడింది. అయినా నేను పరిగెత్తలేదు, మామూలుగానే నడిచొచ్చాను.

రోజూ ఆలస్యమవుతోందని డిపోలో పిలిచారు. అధికారి చిన్నవాడు. నేను విషయం చెప్పేసరికి టేబుల్ మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. "రాసివ్వండమ్మా" అన్నాడు, ముఖం ఎత్తకుండా. రాశాను. నాతోపాటు సంతకం పెట్టమని మిగతా ఆడ కండక్టర్లని అడిగాను. ముగ్గురు పెట్టారు. ఇద్దరు, "ఇట్టాంటియ్యి కాయితం మీద ఎట్టా రాస్తావక్కా, సిగ్గు లేకుండా" అన్నారు. ఆ ఇద్దరిలో ఒకామె వారానికోసారి మంటకి బిళ్లలు వేసుకోవడం నేను చూశాను.

రెండు నెలలకి జవాబొచ్చింది. మా ట్రిప్పులకి గురజాలలో పది నిమిషాల ఆగుడు, టైంటేబుల్ మీద అధికారికంగా. చివరి ఊళ్లో గది గురించి పైకి పంపామని రాశారు. అది ఇంకా పైనే ఉంది. తర్వాత ఆడవాళ్లకి ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మెట్టు దగ్గర నుంచి దిగాలంటేనే ఐదు నిమిషాలు. ఆ పదిలో నాకు మిగిలేవి మిగతా ఐదు.

పోయిన ఏడాది వర్షాకాలంలో మా అమ్మాయి మంటగా ఉందంది. ఇంటర్ రెండో సంవత్సరం.

"కాలేజీలో పోవా?"

"బాత్రూం తలుపుకి గడియ లేదమ్మా. ఒకళ్లు బయట నిలబడాల. ప్రతిసారీ ఎవర్ని అడుగుతా?"

నేను అరవలేదు. అరవడానికి నాకేం హక్కుంది? మంచంలో కూర్చుండిపోయాను. వింటున్న మా ఆయన ఆ శనివారం సాయంత్రం నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని, జేబులో ఒక గడియ, స్క్రూలు, స్క్రూడ్రైవరు పెట్టుకుని కాలేజీకి తీసుకుపోయాడు. వాచ్‌మన్‌కి చెప్పి లోపలికి పోయాం. ఆడపిల్లల వైపు మూడు తలుపులు. ఒక్కదానికీ గడియ లేదు. ఆయన తెచ్చింది ఒకటే.

"ఉండు" అని మళ్లీ బజారుకి పోయి రెండు తెచ్చాడు. దగ్గుకుంటూ మూడు తలుపులకీ బిగించాడు. నేను ఒక్కో దాంట్లోకి పోయి లోపలి నుంచి వేసి చూశాను. మూడూ పడ్డాయి.

"ఇంతేనా? అరగంట పని" అన్నాడు ఆయన, చేతులు కడుక్కుంటూ. వాచ్‌మన్, "చెబితే మేమే చేయించేవాళ్లంగా" అన్నాడు.

మూడు నెలలకోసారి నరసరావుపేట పోయి రక్తం పరీక్ష చేయించుకోవాలి. మొన్న పోయినప్పుడు డాక్టరమ్మ కాగితం చూసి, "రక్తంలో మలినం పెరగలేదు. తగ్గదు కూడా. పాడైంది పాడయినట్టే. ఉన్న రెండోదాన్ని కాపాడుకోవాలి" అంది.

"అలసటగా ఉంటందండీ ఎప్పుడూ. నిద్రపోయి లేచినా పోదు."

"రక్తం తక్కువుంది. కిడ్నీ వల్ల కూడా ఉంటుంది. ఎన్ని గంటలు డ్యూటీ?"

చెప్పాను. ఆమె బిళ్లలు రాసిచ్చింది.

బయటికొచ్చి, ఆసుపత్రిలోనే ఒకసారి పోయి, నీళ్లు తాగి, మాచర్ల బస్సెక్కాను. ఆ రోజు నేను ప్రయాణికురాలిని. బస్సు నిండా జనం. కండక్టరు మా డిపో కుర్రవాడే, నన్ను చూసి నవ్వి, "సీటు లేదక్కా" అన్నాడు. పర్లేదన్నాను. పిడుగురాళ్ల దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. అక్కడ ఒకామె దిగితే కూర్చున్నాను. మాచర్ల వచ్చేదాకా కళ్లు తెరవలేదు.